ఇంటిపేరు చదివిన కండక్టరు

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను బడిలో పిల్లల మధ్యాహ్న భోజనాల దగ్గర నిలబడి ఉన్నాను. తెలియని నంబరు. అటునుంచి ఒక ఆడపిల్ల గొంతు.

"మేడం, మా డాడీ ఫోన్ల మీ నంబరు ఉన్నది. పేరు లేదు, ఉట్టిగ ఎల్లారెడ్డి అని పెట్టుకున్నడు. డాడీ మొన్న పొద్దుగాల పోయిండు. గుండె ఆగింది. నిన్న మట్టి అయింది. ఈ నంబరోళ్ళకు చెప్పాల్నా వద్దా అని ఆలోచన జేసి జేసి చేస్తున్న."

ఎల్లారెడ్డి అనగానే ఎవరో అర్థమైంది. మీ నాయినమ్మ ఎట్లున్నదని అడిగాను. "ఏడుస్తలేదు మేడం. గట్లనే కూసున్నది" అన్నది.

సాయంత్రం కామారెడ్డిలో ఇంటికి చేరాక ఎల్లారెడ్డికి, బాపుకు, అంటే మా నాన్నకు, ఫోన్ చేశాను. బాపు అక్కడ మా తమ్ముడి దగ్గర ఉంటాడు. విషయం చెప్పాను. వెనక టీవీ మోగుతూనే ఉంది. బాపు అడిగాడు.

"కాయితాలు గిట్ల ఎవలకన్న ఇచ్చి పోయిండా?"

చనిపోయిన మనిషి గురించి అడగవలసిన మాట కాదది. కానీ ఆ మనిషి విషయంలో మా ఇంట్లో అందరి బుద్ధీ ముందు అటే పోయేది. మేము ఆయనను తెలుసుకున్నదే అనుమానంతో. ఆయన మమ్మల్ని వెతుక్కున్నదీ దానితోనే.

ముందు ఆయన నాకు ఒక కండక్టరు మాత్రమే. నేను పని చేసే బడి లింగంపేట ఇవతల ఒక ఊళ్ళో ఉంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సే నాకు రోజూ దిక్కు. ఆ బస్సులో ఎక్కువగా ఆయనే ఉండేవాడు. పొడుగ్గా, ఎండిపోయిన కట్టెలా ఉండేవాడు. పై కడ్డీ పట్టుకోకుండా, కాళ్ళు ఎడంగా పెట్టి, వీపును సీటు అంచుకు ఆనించి టికెట్లు ఇచ్చేవాడు. బస్సు ఎన్ని గుంతల్లో పడి లేచినా ఆయన తూలినట్టు నేను చూడలేదు.

నమ్మకం అన్నది ఆయన దగ్గర లేదు. పది రూపాయల నోటును కూడా వెలుతురుకు పట్టి చూసేవాడు. కాలేజీ పిల్లలు పాసు చూపిస్తే ఫొటోను చూసి, మొహాన్ని చూసి, మళ్ళీ ఫొటోను చూసి, "ఇందుల మీసం లేదు గద?" అనేవాడు. "పాసు తీసినంక వచ్చింది సార్" అంటే ఒప్పుకునేవాడు గానీ, దిగేదాకా వాడి మీద ఒక కన్ను ఉంచేవాడు. ఏ కాగితం ఇచ్చినా వెనక్కి తిప్పి చూడటం ఆయన అలవాటు. ఖాళీ అని తెలిసినా తిప్పేవాడు.

ఎవరు ఊరి పేరు చెప్పినా, "మల్లొకసారి చెప్పు" అనేవాడు. ఒకసారి బీబీపేట నుంచి వచ్చిన ముసలాయనకు చిరాకు పుట్టింది.

"ఏంది, నీకు చెవుడా?"

"చెవుడు లేదు బాపూ. మనిషి మొదటిసారి అలవాటుకు చెప్తడు. రెండోసారి ఆలోచించి చెప్తడు. ఎందరో మొదాలు ఒక ఊరు చెప్పి, మల్ల అడిగితే ఇంకో ఊరు చెప్తరు."

ఆ ముసలాయన నిజంగానే కాసేపు ఆలోచించి, ఎల్లారెడ్డి దాకా అన్నవాడు లింగంపేటకే టికెట్టు తీసుకున్నాడు.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆయన అలవాటు మరీ ముదిరింది. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొట్టి ఇవ్వాలి. మిగతా కండక్టర్లు కార్డు రంగు చూసి టికెట్టు చింపేవాళ్ళు. ఈయన చదివేవాడు. తెలుగు వరస వదిలేసి ఇంగ్లీషు వరస కింద బొటనవేలి గోరు పెట్టి, ఒక్కో అక్షరం మీదుగా జరుపుతూ, పెదాలు కదుపుతూ చదివేవాడు. వెనక జనం తోసుకుంటూ ఉండేవారు.

"పెండ్లి సూపులకు వచ్చినవా ఏంది, గంతసేపు చూస్తున్నవు?" అన్నది ఒకామె.

"చూడాలె అమ్మా. నా పని గదే" అన్నాడు, తల ఎత్తకుండా.

నా కార్డు వంతు వచ్చింది. నా చదువు కాగితాలన్నీ తల్లిగారి ఇంటిపేరు మీదే ఉన్నాయి, ఆధార్‌లోనూ అదే. అది మా దిక్కు చాలా తక్కువగా వినిపించే ఇంటిపేరు. ఇక్కడ రాయను. ఆయన గోరు ఆ పేరు మీద ఆగింది. వెనక్కి పోయి, మళ్ళీ మొదటి అక్షరం నుంచి వచ్చింది.

"ఇది అత్తగారిదా, తల్లిగారిదా?"

"తల్లిగారిది."

"మల్లొకసారి చెప్పున్రి."

"తల్లిగారిదే సార్."

"ఏ ఊరు?"

"ఎల్లారెడ్డి."

టికెట్టు ఇచ్చాడు. ఆ తరువాత ముందుకు పోయి డ్రైవరు పక్కన నిలబడ్డాడు. వెనక సీట్లలో వాళ్ళకు టికెట్లు ఇవ్వడమే మరిచిపోయాడు. ఎవరో కేక వేస్తే ఉలిక్కిపడి వచ్చాడు.

మరునాటి నుంచి ఆయన నన్ను కార్డు అడగలేదు. అందరినీ అడిగేవాడు, నా దగ్గరికి వచ్చేసరికి మాట లేకుండా టికెట్టు చేతిలో పెట్టి పోయేవాడు. అడిగినన్నాళ్ళు చిరాకే. అడగడం మానేశాక భయం మొదలైంది. దిగేటప్పుడు వెనక్కి చూస్తే ఆయన నన్నే చూస్తుండేవాడు. చెడ్డ చూపు కాదు. అంగట్లో బరువు సరిగ్గా తూగిందా లేదా అని ముల్లును చూసే చూపు. ఇంట్లో చెప్తే మా ఆయన, "బస్సు మార్చు" అన్నాడు. నేను పొద్దున ముందు బస్సుకు మారాను. తరువాత ఆయన రిటైర్ అయ్యాడని విన్నాను. పీడ పోయిందనుకున్నాను.

కొన్ని నెలల తరువాత ఒక ఆదివారం మా ఇంటి గేటు చప్పుడైంది. బాపు కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ముందు గదిలో కూర్చున్నాడు. తలుపు తీస్తే ఆయన. యూనిఫాం లేకపోయేసరికి ఒక్క క్షణం పోల్చుకోలేదు. తెల్ల చొక్కా, చంకలో రెగ్జిన్ సంచీ. నా కార్డు వెనక ఉన్న అడ్రసు చదివి పెట్టుకున్నట్టున్నాడు. నన్ను దాటి లోపలికి చూసి, చేతులు జోడించాడు.

"నమస్తే బావా."

బాపు కుర్చీలో కదలలేదు. "ఎవలకు బావ?" అన్నాడు.

కూర్చోమంటే ఆయన కూర్చోలేదు. బస్సులో నిలబడ్డట్టే గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. చాయ్ ఇచ్చాను. తాగి, గ్లాసు నాకు ఇవ్వకుండా తానే బయట నల్లా దగ్గరికి పోయి, బూడిద ఉందా అని అడిగి, లేదంటే సబ్బుతో కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చాడు. మా ఇంట్లో ఏ చుట్టమూ ఎప్పుడూ అలా చేయలేదు. బాపు ఆ గ్లాసు దిక్కే చూస్తూ ఉన్నాడు.

తరువాత చెప్పాడు. ఆయన తల్లి నిజామాబాద్ అవతల పెద్దరోగం దవాఖానలో పుట్టింది. పెద్దరోగం అంటే కుష్ఠు. ఆ రోజుల్లో ఆ రోగం వచ్చినవాళ్ళను ఊళ్ళు వెళ్ళగొడితే అక్కడే ఉంచుకునేవారు. పుట్టిన పిల్లలకు రోగం లేకపోతే తల్లి దగ్గర నుంచి తీసి వేరే ఇంట్లో పెంచేవారు. ఆయన తల్లి అలా పెరిగింది. అక్కడి తోటమాలిని పెళ్ళి చేసుకున్నది. ఆమెకు రోగం అంటలేదు. ఆమెను కన్న తల్లి మాత్రం చచ్చేదాకా ఆ దవాఖానలోనే ఉన్నది. ఊరి పేరు గానీ ఇంటిపేరు గానీ కూతురికి చెప్పలేదు.

"ఊర్ల ఒక కొడుకు ఉన్నడు అని మాత్రం చెప్పిందట. పేరు బయటపడితే కొడుక్కు పిల్లనియ్యరని భయం. నేను దవఖాన పాత బుక్కు చూపిచ్చుకున్న బావా."

ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. పసుపు రంగు కాగితం, చెదలు తిన్న అంచులు, ఇంగ్లీషు గొలుసుకట్టు రాత. ఒక ఆడమనిషి పేరు, భర్త పేరు, ఎల్లారెడ్డి తాలూకా. ఇంటిపేరులో మధ్య రెండు అక్షరాలు చెదలు మింగాయి. మిగిలినవి మా ఇంటిపేరులోవే. కావచ్చు. ఇంకేవైనా కూడా కావచ్చు. ఇందుకోసమే బస్సులో అందరి కార్డుల మీదా గోరు నడిపించాడన్నమాట. ఎన్ని వందల మంది ఆడవాళ్ళ పేర్లు ఈయన ఇలా ఏరాడో.

"గీ భర్త పేరు మీ తాతది. మా అమ్మ మీకు మేనత్త అయితది" అన్నాడు బాపుతో.

బాపు కిటికీ వైపు తిరిగాడు. బయట ఏమీ లేదు, పక్కింటి గోడ తప్ప.

"మా తాత పెండ్లాం గత్తరల పోయింది. మా ఊరంత ఎరుకే. మా తాత పేరోళ్ళు తాలూకాల మస్తుమంది ఉంటరు. పోయి వాళ్ళను అడుగు."

ఆయన వాదించలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. నేను గేటు దాకా వెళ్తే, చెప్పులు వేసుకుంటూ మెల్లగా అన్నాడు.

"మేడం, టికెట్ లేనోడు ఎవడో నాకు అడగకముందే తెలుస్తది. నన్ను చూడంగనే కిటికీ దిక్కు చూస్తడు. నల్లద్దాలు పెట్టుకున్నా సరే, మెడ దొరుకుతది."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. మా ఇంటికి వచ్చి, మా చాయ్ తాగి, మా బాపును దొంగ అంటాడా?

మా ఇంట్లో చెప్పుకునే కథ ఒకటే. మా తాతకు, అంటే బాపును కన్న తండ్రికి, చిన్నప్పుడే తల్లి పోయింది. ఊరికి గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు పోయింది. ప్రతి పెత్రమాసకు, పెద్దల అమావాస్యకు, ఆమె పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తాం. అంత గట్టి కథ. ఎక్కడో పాత పుస్తకంలో చెదలు వదిలేసిన అక్షరాలు దాన్ని కదిలిస్తాయా?

తమ్ముడికి చెప్తే వాడు ముందు భూమి గురించే ఆలోచించాడు. మా భూమి రోడ్డుకు ఆనుకుని ఉంది. కామారెడ్డి జిల్లా అయ్యాక ఆ రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు లేచాయి.

"మేనత్త అనుకుంట వచ్చిండు గదా అక్కా. ఆడిబిడ్డ వాటా అడుగుతడు చూడు. గా మనిషిని ఇంట్లకు రానియ్యకు."

వాడు ఊరుకోలేదు. తహసీల్ ఆఫీసులో తెలిసినవాళ్ళను అడిగాడు. పొడుగ్గా ఉండే ఒక రిటైర్డ్ కండక్టరు వచ్చి, ఎల్లారెడ్డి పాత పహాణీలు, ఆ ఉర్దూలో ఉన్నవి, నకళ్ళు అడిగి తీసుకుపోయాడని చెప్పారు. పహాణీ అంటే ఏ భూమి ఎవరిదో రాసే కాగితం. మా అనుమానానికి ఇంకేం కావాలి? బాపు ఆపరేషన్ కంటికి చుక్కలు వేయించుకుంటూ, "నేను అన్న గదా" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా ఊరట ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. అది వింతగా తోచింది. భూమికి ఎసరు వచ్చిందని తెలిస్తే ఎవరైనా ఊరట పడతారా?

ఆయనను నేనే అడగాలనుకున్నాను. రిటైర్ అయినా కామారెడ్డి బస్టాండుకు వస్తుంటాడని డ్రైవర్లు చెప్పారు. నిజమే. ఎల్లారెడ్డి బస్సు ఆగే చోట బెంచీ చివర కూర్చుని, ఎక్కేవాళ్ళను కళ్ళతో లెక్కపెట్టుకుంటున్నాడు. నేను పక్కన కూర్చోగానే కొంచెం జరిగాడు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.

"మీకు ఏం కావాలె? సీదా చెప్పున్రి" అన్నాను. "పహాణీలు ఎందుకు తీసిన్రు?"

"మా అమ్మమ్మ పెనిమిటి పేరు ఇంటిపేరుతో కలిసి యాడనన్న ఉంటదేమో అని. ఉర్దూ చదివే పెద్దాయనతోని చదివిచ్చిన. దొరికింది. మీ తాతోళ్ళదే."

"భూమి కోసం కాదా?"

ఆయన దానికి బదులు దవాఖాన సంగతి చెప్పాడు. వారంలో సెలవు దొరికిన రోజల్లా అక్కడికి పోయేవాడట. రోగుల పేర్లు బయటివాళ్ళకు చూపించం అని అన్నారు. మనవడినంటే రుజువు తెమ్మన్నారు.

"రుజువు గా బుక్కులనే ఉన్నది. బుక్కు చూపియ్యాల్నంటే రుజువు కావాలె. వాళ్ళ తప్పు గూడ లేదు మేడం, ఇప్పటికి గూడ ఆ రోగం పేరు చెప్తే మనుషులు దూరం జరుగుతరు. ఆఖరుకు మా అమ్మనే తోలుకపోయిన. వరండాల కూసున్నది. నేను ఈడనే పుట్టిన, మా అమ్మ పేరు చూపియ్యిన్రి అన్నది. గప్పుడు ఒక పెద్ద సారు బుక్కు తెప్పిచ్చి చదివిండు."

"మరి ఇప్పుడు ఏం కావాలె?"

ఆయన బస్సు ఎక్కేవాళ్ళ మీద నుంచి చూపు తిప్పాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"మా వాడకట్టుల ఏ ఆడామె పోయినా, ముందుగాల తల్లిగారింటి చీరె కప్పుతరు. మేము చర్చికి పోయేటోళ్ళమే. అయినా గా రివాజు ఇడువలే. మా అమ్మ ఎవలింట్ల సావయినా పోయి, గా చీరె వచ్చేదాక కూసుంటది. ఇంటికొచ్చి, నాకెవలు తెస్తరురా అంటది. నేను తెస్త అంటే, నువ్వు తెస్తే కొడుకు చీరె అయితది, తల్లిగారి చీరె ఎట్లయితది అంటది. గంతే మేడం. మీ బాపు ఒక చీరె పట్టుకొని రావాలె, మా అమ్మ పోయిన్నాడు."

అయినా తమ్ముడు నేర్పిన మాట నోటికి రానే వచ్చింది. "భూమిల మాకు ఏం వద్దని కాయితం మీద రాసిస్తరా?"

ఆయన నన్ను తేరిపార చూశాడు.

"రాసిస్త. రాసిస్తే నమ్ముతరా? కాయితాలు నమ్మేటోళ్ళయితే దవఖాన బుక్కు చూపిచ్చిన్నాడే నమ్ముతుంటిరి గదా."

ఎల్లారెడ్డి బస్సు కదిలింది. ఆయన అలవాటుగా లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

ఇంటికి వస్తూ దారంతా ఆలోచించాను. ఆయన చెప్పింది కట్టుకథ అనుకుంటే చాలా పెద్ద కట్టుకథ. ఒక చీర కోసం ఇన్నేళ్ళు ఎవరు తిరుగుతారు? కానీ చీర పేరుతో వచ్చినవాడు చీరతో ఆగుతాడని నమ్మకమేమిటి? ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుంటే నా మనసుకు అడ్డం పడుతున్నది ఆయన కాదు. పక్కింటి గోడ వైపు తిరిగిన బాపు మెడ.

తరువాతి వారం ఎల్లారెడ్డి వెళ్ళాను. తమ్ముడు పొలానికి పోయాడు. బాపు వాకిట్లో కూర్చుని కందికాయ ఒలుస్తున్నాడు. పక్కన కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టి అడిగాను.

"బాపూ, తాత వాళ్ళ అమ్మ ఎట్ల పోయింది?"

"గత్తరల పోయింది."

"మల్లొకసారి చెప్పు బాపూ."

ఆయన చేతులు ఆగాయి. నా మొహం చూడలేదు.

"గత్తరల పోయిందనే చెప్పాలె" అన్నాడు.

ఆ ఒక్క మాటతో బయటపడ్డది. ఆమె గత్తరలో పోలేదు. చేతుల మీద మచ్చలు లేచాక ఊరు మాట్లాడుకోకముందే బండిలో దాటించారు. అప్పుడు ఆమె కడుపుతో ఉంది. ఊళ్ళో గత్తర వస్తే ఆ లెక్కలో ఆమెనూ కలిపేసి దినాలు చేశారు. మా తాత పెద్దయ్యాక తల్లి బతికే ఉందని ఎవరో చెప్తే, ఏడాదికోసారి పోయి గేటు అవతల నుంచి చూసి వచ్చేవాడు. తన ఊరి పేరు మాత్రం అక్కడ ఎవరికీ చెప్పేవాడు కాదు. బాపును కూడా ఒకసారి తీసుకుపోయాడు. బయట చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాడు. తల్లి పోయాక మా తాత మళ్ళీ అటు వెళ్ళలేదు. అక్కడ చెల్లెలు ఉందని తెలిసి కూడా.

"నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎప్పుడు చెప్పాలె బిడ్డా? ముందుగాల మా చెల్లెండ్ల పెండ్లిండ్లు. తర్వాత నీ పెండ్లి. తర్వాత నీ తమ్మునిది. గా రోగం ఇంట్ల ఉండె అంటే ఎవలన్న పిల్లనిస్తరా? ఇప్పుడు నీ పిల్లలు పెరుగుతున్నరు."

"ఇప్పుడు దానికి మందులున్నయి బాపూ. పూర్తిగ తగ్గుతది."

"రోగానికి ఉన్నయి" అన్నాడు.

చీర సంగతి చెప్పాను. ఆయన కందిగింజలు చేటలో పోసి, తొక్కు ఏరుతూ, "వరి కోతలు అయినంక చూద్దాం" అన్నాడు. వద్దనలేదు. వస్తాననీ అనలేదు.

ఆ సాయంత్రం డ్రైవర్లను అడిగి నంబరు తీసుకుని కండక్టరుకు ఫోన్ చేశాను. "మీరు చెప్పింది నిజమే. మా బాపుకు ఎరుకే. కొంచెం టైం ఇయ్యి మామా" అన్నాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకే తెలియదు. వరస ప్రకారం ఆయన నాకు మామే అవుతాడు.

"మల్లొకసారి చెప్పు బిడ్డా" అన్నాడు.

"కొంచెం టైం ఇయ్యి మామా."

"మంచిది" అన్నాడు. "మీరు ఒప్పుకున్నరని మా అమ్మకు ఇప్పుడే చెప్ప. మీరు ఒచ్చిన్నాడు చెప్త."

అదే మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరు మాట. వరి కోతలు అయిపోయాయి. బాపు ఏమీ అనలేదు. తరువాత ఆ పిల్ల ఫోన్ వచ్చింది, తల్లి కన్నా ముందు కొడుకు పోయాడని.

కాగితాలు ఎవరికైనా ఇచ్చాడా అని అడిగిన బాపు, మరునాడు తనే ఫోన్ చేశాడు. "వాళ్ళది ఏ ఊరన్నవ్?"

సదాశివనగర్ దగ్గర ఊరు. ఆదివారం బాపు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చాడు. చేతిలో మూతి ముడి వేసిన ప్లాస్టిక్ కవరు. తమ్ముడు రాలేదు. "పోయేది పో, యాడ వేలిముద్ర ఎయ్యకు" అని పంపించాడట. బస్సులో బాపు ఆ కవరును ఒళ్ళోంచి కింద పెట్టలేదు.

రెండు గదుల రేకుల ఇల్లు. వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. ముందు గదిలో కుర్చీ మీద ఆయన ఫొటో, యూనిఫాంలో. ఫొటోలో కూడా నా కార్డు అడుగుతున్నట్టే ఉన్నాడు. నులక మంచం మీద ఒక చిన్న మనిషి, తెల్లటి జుట్టు, గోడకు ఆనుకుని కూర్చుంది. ఫోన్ చేసిన మనవరాలు ఆమె చెవి దగ్గర వంగి చెప్పింది.

"నాయినమ్మా, ఎల్లారెడ్డి నుంచి ఒచ్చిన్రు. డాడీ చెప్పేటోడు గదా."

ఆమె మమ్మల్ని చాలాసేపు చూసింది. కొడుకు చూపే.

"వాడు ఉన్నప్పుడు రాలే. ఇప్పుడెందుకొచ్చిన్రు?" అన్నది. "వాని పైసలు వాని పెండ్లాం పేరు మీదికి పోతయి. గీ ఇల్లు పిల్లలది. మా దగ్గర ఏం లేదు."

బాపు మొహంలో రంగు మారింది. జీవితంలో మొదటిసారి ఆయనను ఒకరు ఆ చూపు చూశారు. నేను ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నేను నీ అన్న కొడుకును అత్తా. చిన్నప్పుడు మా బాపు ఎంబడి గేటు కాడికి ఒచ్చిన."

"గేటు అందరికి ఎరుకే. ఎవలన్న చెప్పొచ్చు."

బాపు నేల చూస్తూ చెప్పాడు. నాకు కూడా చెప్పని మాట.

"ఎండకాలం. నాకు దూపయింది. నువ్వు చెంబుల నీళ్ళు తెచ్చినవ్. మా బాపు వద్దన్నడు. నువ్వు చెంబు గేటు కాడ పెట్టి, ఎనుకకు జరిగి నిలవడ్డవ్, దూరం పోతెనన్న తాగుతనేమో అని."

ఆమె మంచం మీద నుంచి ముందుకు వంగింది.

"తాగినవా?"

"తాగలే. బాపు చెయ్యి వట్టి గుంజుకపోయిండు."

"అవు" అన్నది ఆమె. "చెంబు ఆడనే ఉండె. పొద్దుమీకి నేనే తెచ్చుకున్న." మనవరాలి వైపు తిరిగి, "నీళ్ళు తే" అన్నది.

బాపు చెంబు ఎత్తి గడగడా తాగాడు. చొక్కా మీద కారింది. ఆయన తాగడం అయ్యేదాకా ఆమె కన్ను మరల్చలేదు. అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయిన నాటి నుంచి రాని ఏడుపు వచ్చిందని మనవరాలు తరువాత నాతో అన్నది. కొడుకు పేరు పెట్టి, "ఒచ్చిన్రురా, ఒచ్చిన్రు" అనుకుంటూ ఏడ్చింది. బాపు మంచం పక్కన కింద కూర్చుని, ఏం చేయాలో తెలియక ఆమె పాదం మీద చెయ్యి పెట్టి అలాగే ఉన్నాడు.

ఏడుపు తగ్గాక కవరు ముడి విప్పాడు. ఆకుపచ్చ అంచు ఉన్న నేత చీర. రెండు చేతులతో ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె మడత విప్పింది. అంచు వేళ్ళతో తడిమింది, తిరగేసి వెనక వైపు నేత చూసింది. తరువాత తల ఎత్తింది. కళ్ళలో ఇంకా పూర్తిగా పోని అనుమానం.

"ఇది నా పానం పోయినంక కప్పేదా, ఇప్పుడు కట్టుకునేదా?"

"ఇప్పుడు కట్టుకునేదే అత్తా" అన్నాడు బాపు. "దానికి మల్లొకటి తెస్త."